కిటికీ పక్క పిట్టలు

తెనాలి స్టేషన్లో రేపల్లె పాసింజరు కదిలేదాకా అంతా బాగానే ఉంది. కదిలాక, ఆట ఆడటానికి వచ్చిన కుర్రాళ్లంతా ఎడమ పక్క కిటికీల మీద పడేసరికి ఉమామహేశ్వరికి గుండె గుభేలుమంది. పిట్టలన్నీ ఆ పక్కనే ఉన్నాయి. కుడి పక్కన ఒక్కటంటే ఒక్కటి లేదు.

ఎందుకు లేవంటారా, ముగ్గురు తెలివైనవాళ్లు కలిసి చేసిన పని కాబట్టి. బాపట్ల కాలేజీలో కలిసి చదువుకున్న ఉమ, జార్జి, హనుమాన్‌ప్రసాద్ ఏడాదిగా కిందామీదా పడి చేసిన ఆట ఇది. రైల్లో కూర్చుని ఫోను కెమెరా కిటికీలోంచి బయటికి చూపిస్తే, నిజం పొలాల మీద ఉమ గీసిన పిట్టలు వాలతాయి. అవి వెనక్కి పోయేలోగా వేలితో తట్టి పట్టుకోవాలి. ఏ పిట్ట ఎక్కడ వాలాలో గుర్తులు పెట్టడానికి మాటిమాటికీ రైలెక్కలేక, ప్రసాద్ బైకు నడుపుతుంటే ఉమ వెనక కూర్చుని ఫోను పట్టుకునేది. రోడ్డేమో రైలు కట్టకి ఒక పక్కనే ఉంది. ఇంకేముంది, అటు పొలాలన్నీ పిట్టలమయం, ఇటు కాకి కూడా లేదు. ఏడాదిపాటు ఒక్క బుర్రకీ ఈ సంగతి తట్టలేదంటే ఏమనాలి వీళ్లని?

వేరే రోజైతే నవ్వుకుని సరిపెట్టుకునేది ఉమ. కానీ జార్జికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది, సోమవారం చేరాలి. ప్రోగ్రాం రాసి ఆటకి ప్రాణం పోసినవాడు అతనే. అతను వెళ్లిపోతే ఆటా లేదు, ముగ్గురూ కలిసి కూర్చోవడమూ లేదు. "మనవాళ్లు బాగుందంటే లెక్కలోకి రాదు ఉమా. మనకి తెలియని మనిషి ఒక్కరు, మనం బతిమాలకుండా, రేపల్లె దాకా ఆడితే ఉద్యోగం వద్దనేస్తా. లేదంటే ఈ రాత్రి బండికే పోతా" అన్నాడు. ఒక్క మనిషేగా, ఎంతలే అనుకుంది ఉమ.

ఇప్పుడు చూస్తే వచ్చినవాళ్లంతా కాలేజీ జూనియర్లే. వాళ్లు లెక్కలోకి రారు. పైగా వాళ్లకే కిటికీ దొరకట్లేదు. ఒక కుర్రాడు తోసుకుంటూ పోయి, కిటికీ దగ్గర ఖాళీ గంపలు పెట్టుకు కూర్చున్న ఒకావిడ మొహం మీంచి చెయ్యి బయటికి చాపాడు. ఆవిడ పేరు సుబ్బాయమ్మ. తెనాలిలో కూరగాయలమ్ముకుని భట్టిప్రోలులో ఇంటికి పోతున్నానని ఎక్కగానే పక్కవాళ్లకి చెప్పింది.

"నా మొహానికి అడ్డంగా ఆ చెయ్యేంటబ్బాయ్? ఏం తీస్తున్నావు, ఇటు ఇయ్యి" అని ఫోను లాక్కుంది.

చూస్తే మినప చేలో బారెడు తోకతో పచ్చటి పిట్ట. తల బయటికి తిప్పి చూసింది, చేలో ఏమీ లేదు. మళ్లీ ఫోన్లో చూసింది, పిట్ట ఉంది. "ఇదెక్కడి చోద్యమే తల్లీ" అంటూ వేలితో పొడిచింది. పిట్ట కీచుమని వచ్చి ఫోన్లో కూర్చుంది. ఇక చూడండి, సుబ్బాయమ్మ ఫోను వదిలితే ఒట్టు.

వేమూరు వచ్చేసరికి జూనియర్లకి మొహం మొత్తింది. కిటికీ లేని ఆట మాకెందుకక్కా అని దిగిపోయారు. ఫోను పోగొట్టుకున్న కుర్రాడు కూడా బతిమాలి తన ఫోను తను తెచ్చుకుని దిగాడు. ప్రసాద్ మొహం వేలాడేసుకున్నాడు. ఎదురు సీట్లో జార్జి రాత్రి బండి టైము చూసుకోవడం మొదలుపెట్టాడు.

సుబ్బాయమ్మ ఉమ చేతివంక చూసింది. "అమ్మాయ్, నీ ఫోన్లోనూ ఉన్నాయా ఆ పిట్టలు?"

"ఉన్నాయి పెద్దమ్మా."

"మరి చూస్తావేంటి, ఇటు తే."

ఉమ ఇచ్చింది. అంతే, ఆడమని మాత్రం అనలేదు. సుబ్బాయమ్మ ఒక్కో పిట్టనీ పట్టినప్పుడల్లా పక్కనున్నవాళ్లకి చూపించి, దక్కకుండా పోయిన దాన్ని నానా తిట్లూ తిట్టి, రైలు నడిపేవాణ్ణి కూడా నెమ్మదిగా పొమ్మని కేకలేస్తోంది. పెట్టె పెట్టెంతా ఆవిడ చుట్టూ చేరి నవ్వుతోంది. ఉమకి ప్రాణం లేచొచ్చింది.

అంతలో బండి భట్టిప్రోలు దగ్గరికొచ్చింది. సుబ్బాయమ్మ ఆ సంగతే గమనించలేదు. గమనించకపోతే ఉమ గెలిచినట్టే. నోరు మూసుకుంటే చాలు. కానీ ఇంటికి పోవాల్సిన మనిషిని ఊరు దాటించి తెచ్చుకున్న గెలుపు ఏం గెలుపు? ఉమకి మనసొప్పలేదు.

"పెద్దమ్మా, భట్టిప్రోలు వచ్చేసింది. దిగండి."

"వచ్చిందా?" సుబ్బాయమ్మ ఒకసారి ప్లాట్‌ఫారం వంక చూసింది, ఒకసారి ఫోను వంక చూసింది. "నీ పిట్టలు ఇక్కడితో అయిపోయాయా?"

"లేదండి, రేపల్లె దాకా ఉన్నాయి."

"మరి దిగమంటావేంటి? మా ఊరెక్కడికి పోద్ది. తిరుగు బండికొస్తాలే" అని ఇంకాస్త కిటికీ వైపు జరిగింది.

రేపల్లెలో దిగాక గంపలు చంకన పెట్టుకుని అడిగింది. "తిరుగు బండిలో పిట్టలు ఏ పక్కనుంటాయో ముందే చెప్పమ్మాయ్. అటే కూర్చుంటా. మా ఆయన్ని కూడా భట్టిప్రోల్లో ఎక్కించుకు రావాల్సింది, ఇప్పుడు అక్కడ స్టేషన్ దగ్గర నాకోసం ఎదురుచూస్తా తిట్టుకుంటా ఉంటాడు" అని పకపకా నవ్వింది.

జార్జి అప్పటికే బెంచీ మీద లాప్‌టాప్ తెరిచి కూర్చున్నాడు. ఉమ వెళ్లి ఎదురుగా నిలబడింది. అడగాలంటే భయం.

"రాత్రి బండికి పోతున్నావా?"

"ఉద్యోగానికి రానని మెసేజ్ పెట్టేశా."

"రేపల్లె వచ్చేదాకా చూస్తానన్నావుగా. ఇప్పుడేగా దిగాం, ఎప్పుడు పెట్టావు?"

"భట్టిప్రోల్లో" అన్నాడు జార్జి, తల ఎత్తకుండా. "నువ్వు ఆవిణ్ణి దిగమన్నప్పుడు. ఆవిడ దిగుద్దో దిగదో అప్పటికింకా తెలీదు."

ఉమకి ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. రెండూ ఆపుకోలేక అతని పక్కనే కూలబడింది. అవతలి పక్క పొలాలకి కొత్త పిట్టలు ఏవి కావాలో సుబ్బాయమ్మ అప్పుడే ప్రసాద్‌కి చెప్పడం మొదలుపెట్టింది.