సలీమా ఫైలు నీళ్ళు

ఉదయం తొమ్మిదికి హేమావతి ఆఫీసు తాళం తీసేటప్పటికే గుమ్మం ముందు బిందెలు వరసలో ఉండేవి. మనిషి లేకపోయినా బిందె ఉంటే వంతు ఉన్నట్టే. కళ్యాణదుర్గం బస్టాండు వెనక మూతబడిన శెనిక్కాయల మిల్లు ముందు గది అది.

సముద్రాల అవతల ఒక దేశం. ప్రాణభయంతో దాని సరిహద్దుకు చేరినవాళ్ళు ఆశ్రయం కోరుతూ పెట్టుకునే అర్జీలు బెంగళూరు కంపెనీ ద్వారా ఇక్కడికి వచ్చేవి. తేదీలు, ఊళ్ళ పేర్లు, ముందు చెప్పిన మాటకు తర్వాత చెప్పిన మాట పొసుగుతోందా అన్నది చూసి, "నమ్మవచ్చు" అనో "నమ్మలేము" అనో రాయడం హేమావతి ఉద్యోగం. ఆమె రాసినదాన్ని ఆ దేశపు అధికారులు మార్చడం అరుదు. తెర మీద చదవడం ఆమెకు పట్టదు. అచ్చు తీసి, ఫైలు కట్టి, ఇనప ర్యాకులో పెట్టేది.

తేలని ఫైళ్ళలోంచి నీళ్ళు కారేవి. తేల్చగానే ఆగిపోయేవి. వీధి కుళాయి పన్నెండు రోజులకొకసారి వచ్చే ఊళ్ళో దాని గురించి ఎవరూ పెద్దగా ఆలోచించలేదు. ర్యాకు కింద రేకు తొట్టి పెట్టి, తొట్టికి పైపు బిగించారు. చుక్కలుగా కారే ఫైళ్ళను హేమావతి ఒక్కసారి చదివి తేల్చేసేది.

సలీమా ఫైలు వేరు. భర్తను చంపేస్తే నాలుగేళ్ళ కూతుర్ని ఎత్తుకుని కొండలు దాటి వచ్చిన మనిషి. ఆమె ఫైలులోంచి మణికట్టు లావు ధార, తియ్యటి నీళ్ళు. రోజుకు నలభై బిందెలు. మొదటి బిందె హేమావతిది.

ఆమె చెప్పింది నిజమని హేమావతికి మొదటి చదువులోనే తెలిసింది. "నమ్మవచ్చు" అని రాయబోయింది కూడా. అప్పుడు మే నెల. వానలు పడ్డాక రాద్దాంలే అనుకుని, మీ ఇంటి తలుపు ఏ రంగు అని వివరణ అడిగింది. వానలు పడలేదు. బావి మీ ఇంటికి ఏ దిక్కున ఉండేది అని అడిగింది. మరుసటేడు పడ్డాయి గానీ బోర్లలోకి నీళ్ళు రాలేదు. రెండేళ్ళలో పద్దెనిమిది వివరణలు. పద్దెనిమిదింటికీ సలీమా జవాబులు రాసి పంపింది. ఒక్కదానిలో కూడా తేడా లేదు.

"ఆ ఫైలు ఇంకా మీ దగ్గరే ఉందేంటి మేడమ్?" అని బెంగళూరు మేనేజరు నరేంద్ర ఫోన్లో అడిగాడు.

"చిన్న అనుమానం ఉంది సార్. ఇంకొక్క వివరణ," అంది హేమావతి, బిందె నిండే చప్పుడు వినపడకుండా ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి.

బస్టాండులో ఉగ్గాని టిఫిను బండి నడిపే తిప్పమ్మ బిందె మూతికి వడపోత గుడ్డ కడుతూ ఆ మాట విని నవ్వింది.

"ఇంగో ఏడు ఆడనే ఉండనీలే హేమమ్మా. ఆ యమ్మకేమి? గుడారమిచ్చి కూడు పెడ్తాండారు. మనకెవురిస్తారు నీళ్ళు?"

"అట్ల మాట్లాడొద్దక్కా," అంది హేమావతి. తాను చేస్తున్నదీ అదే. కాకపోతే టైపు చేసి చేస్తోంది.

శ్రావణంలో ఒక పొద్దున తిప్పమ్మ గుడ్డలో ఏదో తెల్లగా ఆగింది. తీసి అరచేతిలో పెట్టుకుంది. జొన్నగింజంత పాలపన్ను. వరసలో ఉన్న ఆడవాళ్ళు వంగి చూశారు.

"ఆ బిడ్డకు ఎన్నేండ్లు?" అని అడిగింది తిప్పమ్మ.

"వచ్చినప్పుడు నాలుగు."

"అప్పుడు కాదమ్మా. ఇప్పుడు?"

"ఆరు," అంది హేమావతి.

"పన్నూడితే ఇంటిమీదికి ఇసరల్ల కదా. గుడారం మీదికి ఏసిండాది పిచ్చిబిడ్డ. ఆడ నిలుస్తాదా? జారి ఈడికొచ్చిండాది."

తిప్పమ్మ బయటికి పోయి మిల్లు రేకుల మీదికి పన్ను విసిరింది. అది దొర్లుకుంటూ వచ్చి ఆమె కాళ్ళ దగ్గరే పడింది. మళ్ళీ విసిరింది. మళ్ళీ పడింది. లోపలికొచ్చి సగం నిండిన తన బిందెను పైపు కిందనుంచి లాగేసింది.

"ఇంగ నేను పెట్టను. నువ్వు పెట్టుకుంటావేమో పెట్టుకో, ఫస్టు బిందె నీదే కదా."

నిండిన తన బిందెను హేమావతి కాలితో బల్ల కిందికి నెట్టింది. ఫైలు తీసి "నమ్మవచ్చు" అని రాసి సంతకం పెట్టింది. రెండేళ్ళ పని అరనిమిషం పట్టింది. ధార ఆగింది. మళ్ళీ బయటికి పోయిన తిప్పమ్మ పన్నును మూడోసారి విసిరింది. పన్ను కిందికి రాలేదు.

ఆడవాళ్ళు ఖాళీ బిందెలు తీసుకుని వెళ్ళిపోయారు. తిడితే చెప్పడానికి హేమావతి రెండు మూడు మాటలు సిద్ధం చేసుకుంది. వాటితో పని పడలేదు.

నెల తర్వాత కంపెనీ ద్వారా సలీమా ఉత్తరం వచ్చింది. రెండు గదుల ఇల్లు ఇచ్చారట, పాపను బడిలో వేసిందట. "నా పక్క గుడారంలో ఉన్న పెద్దాయన అర్జీని ఒక్క చదువుకే కొట్టేశారు. ఆయన్ను వెనక్కి పంపించారు. మీరెవరో నాకు తెలియదు. తొందరపడి నన్ను కాదనకుండా పద్దెనిమిది సార్లు ఓపికగా అడిగారు. మీ మేలు మరిచిపోను."

నరేంద్ర సంబరపడి, దాన్ని ఫ్రేము కట్టించి ఆఫీసు గోడకు పెట్టమన్నాడు.

హేమావతి పెట్టింది. ఆ చిన్న గదిలో మేకు దిగే గోడ ఒక్కటే, ఆమె కుర్చీకి ఎదురుగా ఉన్నది.