ఏరు దాటిన స్థిరాస్తి

పన్నెండేళ్ల కిందట లిబ్రాదా మొగుడు, భూస్వామి దొన్ ఫౌస్తినో దగ్గర కొబ్బరితోట అంచున నాలుగు సెంట్ల నేల లీజుకు తీసుకుని, దాని మీద సొంత వెదురుతో ఇల్లు కట్టాడు. ఇప్పుడు మొగుడు లేడు, లీజు గడువూ తీరింది. నేల ఖాళీ చెయ్యమంటే లిబ్రాదా సరేనంది. కానీ ఆ పెద్దమనిషికి నేల ఒక్కటే చాలదట, ఇల్లూ కావాలట. ఎందుకయ్యా అంటే, పందెంకోళ్లకు. మనుషులు కట్టుకున్న ఇంట్లో కోళ్ల చేత కాపురం పెట్టించాలనే బుద్ధి ఎవరికైనా పుడుతుందా? ఆయనకు పుట్టింది.

"లీజు కాగితంలోనే ఉంది, చదువుకో," అన్నాడు గుమ్మంలో నిలబడి. "గడువు తీరాక నేల మీదున్న స్థిరాస్తి అంతా నేల యజమానిదే."

"స్థిరాస్తి అంటే ఏంటి దొన్?"

"కదలనిది. చెట్టు, బావి, ఇల్లు. కదిలేది చరాస్తి. నీ కుండలూ చాపలూ చరాస్తి, పట్టుకుపో."

లిబ్రాదా పొయ్యి ముందు కూర్చుని ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ 'కదలనిది' అన్న మాట దగ్గర ఆగిపోయింది. ఇళ్లను భుజాన మోసుకుపోయే పానాయ్ దీవిలో పుట్టి, వెదురిల్లు కదలదని కాగితం మీద రాయించుకున్న మనిషిని ఏమనాలి? పట్నం ప్లీడరు చేత రాయించుకుంటే ఇంతే మరి.

శనివారం పొద్దున్నే లిబ్రాదా పిలుపు మీద ఇరవై నలుగురు మగాళ్లు వచ్చి, ఇల్లెత్తి మోసుకుపోడానికి దాని కింద వెదురు బొంగులు కట్టారు. సంగతి తెలిసి దొన్ ఫౌస్తినో పరుగున వచ్చి, నిచ్చెనెక్కి, ఇంట్లో బాసింపట్టు వేసుకు కూర్చున్నాడు.

"స్వాధీనం నాది. స్వాధీనంలో ఉన్నవాణ్ణి కదిపే హక్కు ఎవడికీ లేదు."

"అలాగే కూర్చోండి దొన్. కాస్త మధ్యకి జరగండి, బరువు ఒక పక్కకే పడుతోంది," అన్నాడు మోతగాళ్ల పెద్ద, కనూతో అనేవాడు.

ఇల్లు లేచింది. మోతగాళ్లు పొలం గట్టు మీద నడిచినంతసేపూ దొన్ కిటికీలోంచి తల బయటపెట్టి దావా వేస్తానన్నాడు. ఏటి మధ్యలో ఇల్లు ఒక పక్కకు ఒరిగేసరికి దావా మాట మరిచిపోయి బాలయేసును తలుచుకున్నాడు. చివరికి అవతలి గట్టున, లిబ్రాదా తమ్ముడి స్థలంలో ఇల్లు దిగింది. మోతగాళ్లు చెమట తుడుచుకుని నేల మీద కూలబడ్డారు.

"ఇంతకీ ఈ ఇంటి యజమాని ఎవరు?" అని మోతగాళ్ల పెద్ద కిటికీ వైపు చూసి అడిగాడు.

"ఎన్నిసార్లు చెప్పాలిరా? నేనే."

"సంతోషం. అయితే ఇవాళ భోజనం మీదే."

ఇల్లు మోసినవాళ్లకు ఇంటి యజమాని కడుపునిండా పెట్టాలి, అది తాతలనాటి ఆచారం. పెట్టనివాడి పొలంలో కోతకు ఒక్క నరపురుగూ దిగదు. ఆయన పొలంలో కోత సోమవారం.

"దొన్ అంతటివారు పెడితే రెండు పందులైనా కాల్చాలి," అన్నాడొకడు.

"మా ఆవిణ్ణీ పిల్లల్నీ పిలుచుకొస్తా," అంటూ ఇంకొకడు లేచాడు.

దొన్ ఫౌస్తినో సొంత పుట్టినరోజుకు ఎండుచేపతో సరిపెట్టే మనిషి. ముఖం పాలిపోయింది.

"ఇల్లు ఆవిడది," అన్నాడు.

"వినపళ్లేదు దొన్."

"ఇల్లు లిబ్రాదాది. చరాస్తి. చాలా?"

"రాసివ్వండి," అంది లిబ్రాదా.

లీజు కాగితం వెనకే రాసిచ్చాడు. బొంగు మోసి అలసిపోయిన గ్రామపెద్ద బల్బినో సాక్షి సంతకం పెట్టాడు. అప్పుడు లిబ్రాదా మరదలు పెద్ద కుండతో అల్లం గంజి తెచ్చి అందరికీ పోసింది. అందరూ లొట్టలేసుకుంటూ తాగారు.

దొన్ కళ్లు పెద్దవి చేసుకు చూశాడు. "గంజేనా? గంజి చాలని ముందే ఏడవొచ్చుగా."

"ఎవరి తాహతు వాళ్లది. మీ ఇల్లయితే పందులు కావాలి దొన్. ఇది నా ఇల్లు, గంజి చాలు."

అని, లిబ్రాదా ఆయనకూ ఒక గిన్నె నింపి ఇచ్చింది. నా ఇల్లు అని నలుగురి ముందు పైకి అనడం ఆమెకు అదే మొదటిసారి.