చీటీల మీద శ్రుతిదండం

నేను ఒక శ్రుతిదండాన్ని, డాక్టర్లు ట్యూనింగ్ ఫోర్కు అంటారు. రెండు కొమ్ములు, కింద ఒక కాడ, కాడ మీద సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తానో చెప్పే 512 అన్న అంకె, అంతే నా ఒళ్లు. కొమ్ముల్ని మోచేతికి కొడితే ఒకే ఒక్క స్వరం పలుకుతాను. నన్ను చేసిన కార్మికుడు ఆ స్వరం కుదిరేదాకా ఆకురాయితో రుద్దుతూ, చెవి దగ్గర పెట్టుకుని వింటూ, ఒక పూటంతా నాతోనే గడిపాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు నన్ను అంత శ్రద్ధగా విన్నవాళ్లు లేరు.

అనంతపురం వైపు ఒక పల్లె ఆసుపత్రికి వచ్చి పడ్డాను. నాకు వైరు లేదు, బ్యాటరీ లేదు, వెలిగే తెర లేదు. అవేవీ లేనివాటి మీద మనుషులకు నమ్మకం తక్కువ. ఫార్మసిస్టు నా కాడతో మందుల పెట్టెలు విప్పేవాడు. చివరికి డాక్టరు వసుంధరగారి బల్ల మీద, ఫ్యాను గాలికి ఓపీ చీటీలు ఎగిరిపోకుండా నన్ను బరువుగా పెట్టారు. తొమ్మిదేళ్లు ఆ ఉద్యోగమే చేశాను. వసుంధరగారు చెడ్డ మనిషి కాదు. నూటయాభై మంది వరసలో ఉంటే మంచినీళ్లు తాగడానికైనా తీరిక దొరికేది కాదు.

ఒక ఉదయం గొర్రెల కాపరి బీరప్ప వచ్చాడు.

"మొన్న పొద్దున లేసినప్పట్నుంచి కుడి చెవు మూసుకపోయింది మేడం. లోపల ఒకటే గుయ్యిమంటాంది."

"గులిమి పట్టుంటుంది. చుక్కల మందు రాస్తున్నా, వారం వేసుకో" అన్నారామె, చెవిలోకి చూడకుండానే.

చీటీ తీయడానికి నన్ను ఎత్తారు. రాసిచ్చి, మళ్లీ మిగతా చీటీల మీద పెట్టేశారు. ఆ చేత్తోనే నన్ను ఒక్కసారి కొట్టి అతని నుదుటి మీద ఆనించి ఉంటే ఎంత బాగుండేది! గులిమి అడ్డమైతే నా శబ్దం మూసుకుపోయిన చెవిలోనే గట్టిగా వినిపిస్తుంది. నరం దెబ్బతింటే బాగున్న చెవి వైపు పోతుంది. అలా పోతే వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి. ఆలస్యమైతే వినికిడి తిరిగి రాకపోవచ్చు. ఇదంతా తేల్చడానికి నాకు అరనిమిషం చాలు. కానీ కొట్టకపోతే నేను పలకలేను కదా.

నెలన్నర తర్వాత బీరప్ప మళ్లీ వచ్చాడు. పేరు పిలిస్తే ఎటునుంచి పిలిచారో తెలియక ఒళ్లంతా తిప్పి వెతుక్కున్నాడు.

"మంద గంట ఏ పక్కనుంచి వచ్చాందో తెలీడం ల్యా మేడం. నేనొక దిక్కు పోతి, మంద ఒక దిక్కు పాయ. రెండు గొర్రెల్ని తోడేలు ఎత్తుకపాయ. ఈసారి పెద్ద సీసా ఇయ్యండి."

మందు చాల్లేదనుకున్నాడు పాపం. వసుంధరగారు లేచి లైటు వేసి చెవిలోకి చూశారు. లోపల శుభ్రంగా ఉంది. అప్పుడు నన్ను తీసుకుని మోచేతికి కొట్టి, అతని నుదుటికి ఆనించారు. తొమ్మిదేళ్లకు పలికాను గానీ ఆ సంతోషం నాకు దక్కలేదు.

"ఏ పక్క వినబడుతోంది?"

బీరప్ప ఎడమ చెవి చూపించాడు. బాగున్నది ఆ చెవే.

"నరం దెబ్బతింది బీరప్పా. ఆ రోజే చూసి పంపి ఉంటే కొంతైనా తిరిగి వచ్చేదేమో."

"మీరేం జేస్తారు మేడం, నా రాత."

"రాత కాదు. నేను చూడలేదు. తప్పు నాది."

ఆ మాట వరసలో ఉన్నవాళ్లందరూ విన్నారు. బీరప్పను ఆ రోజే పెద్దాసుపత్రికి పంపారు. అప్పటికే ఆలస్యమైపోయింది.

అప్పటినుంచి చెవి మూసుకుపోయిందని ఎవరు వచ్చినా, వరస గేటు దాటినా సరే, ముందు లోపలికి చూస్తారు, తర్వాత నన్ను నుదుటికి ఆనిస్తారు. చలికాలంలో అంగన్‌వాడీ టీచరు శాంతక్క వచ్చినప్పుడు నా శబ్దం ఆమె బాగున్న చెవికి పోయింది. ఆ మధ్యాహ్నమే ఆమెను పెద్దాసుపత్రికి పంపించారు. మూడు వారాలకు వినికిడి చాలావరకు తిరిగి వచ్చింది.

ఇప్పుడు చీటీల మీద నా బదులు ఒక నల్లరాయి ఉంది. బీపీ మాత్రలకు వచ్చిన బీరప్ప, కాగితాలు ఎగరడం చూసి తెచ్చి పెట్టాడు. జనం మరీ ఎక్కువైన రోజుల్లో ఎవరైనా చెవి మూసుకుపోయిందంటే, వసుంధరగారి చెయ్యి పాత అలవాటు కొద్దీ చీటీ కోసమే పోతుంది. రాయి తగులుతుంది. చెయ్యి కాసేపు దాని మీదే ఆగిపోతుంది. తర్వాత నన్ను తీసుకుంటారు.