అందరూ కూర్చునే క్లాసు

మరుగుతున్న నీళ్ళ గుండిగ దించుతుంటే అందరూ పిన్ని అని పిలిచే వంటమనిషి చేతిమీద ఒలికింది. మోచేతి నుంచి వేళ్ళదాకా తోలు ఊడొచ్చింది. హాస్టల్ వంటగది అదిరిపోయేలా కేక పెట్టిన మనిషి, కాంట్రాక్టరు లోపలికి రాగానే పళ్ళు బిగించి నోరు మూసుకుంది. ఆ భయం ఎంతటిదో చూడండి.

"గుండిగలు మోసే చక్రాల బండి విరిగిందని మొన్ననే చెప్పాను బాబూ," అంది.

"బండి విరిగితే చేతులు లేవా? చేతకాకపోతే ఇంట్లో కూర్చో. రేపట్నుంచి రాకు."

ఆస్పత్రి మాటే ఎత్తలేదు ఆ పెద్దమనిషి.

కంచం పట్టుకుని నిలబడ్డ గురకగాడు ఇదంతా కళ్ళారా చూశాడు. కంప్యూటర్ల బ్రాంచి కుర్రాడు. ఆ పేరు ఊరికే రాలేదు. డిగ్రీలో అందరికీ తప్పనిసరైన సామాజిక శాస్త్రం క్లాసులో మేడం పాఠం మొదలుపెడితే, వెనక బెంచీలో వాడు గురక మొదలుపెట్టేవాడు. వాణ్ణొక్కణ్ణే అని ఏం లాభం? లెక్కలవాళ్ళనీ, కామర్సువాళ్ళనీ, కంప్యూటర్లవాళ్ళనీ కలిపి ఒకే పెద్ద హాల్లోకి తోలి చెప్పే క్లాసది. ఉద్యోగానికి పనికిరాదని ఇళ్ళల్లో పెద్దలే తేల్చేశారు.

ఆ రోజు మాత్రం వాడికి కునుకు పట్టలేదు.

"ఏం నాయనా, మెలకువగా ఉన్నావు? ఒంట్లో బాగాలేదా?" అంది మేడం. హాలంతా గొల్లుమంది.

వాడు లేచి చూసింది చూసినట్టు చెప్పాడు. నవ్వులు ఆగిపోయాయి. మేడం పుస్తకం మూసేసింది. ఆవిడదీ ఏడాదికోసారి దయతలచి పొడిగించే ఉద్యోగమే.

"ఇది ప్రమాదమా, కాదా? మీరే చెప్పండి."

"పాత బండి కదా మేడం, ప్రమాదమే," అన్నాడు లెక్కల కుర్రాడొకడు.

"బాగుచేయించకుండా ఆ డబ్బు జేబులో వేసుకున్నదెవడు?" అంది కామర్సు పిల్ల.

"మిల్లులో మా అమ్మ వేలు తెగినప్పుడూ ప్రమాదమనే అన్నారు," వెనక నుంచి ఇంకో గొంతు లేచింది.

గంట కొట్టినా ఎవరూ కదల్లేదు. ఆఖరికి అందరూ కలిసి ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళారు. పిన్నికి వైద్యం చేయించాలి, మళ్ళీ పనిలో పెట్టుకోవాలి, బండి బాగుచేయించాలి అని అడిగారు. ఆయన "చూద్దాం" అన్నాడు.

చూడనే చూశాడు మహానుభావుడు. వారం తిరక్కుండా మేడంని పీకేశాడు. సామాజిక శాస్త్రం ఇకపై ఎవరి గదిలో వాళ్ళు ఫోన్లో వీడియో చూసి ముగించుకోవచ్చని నోటీసు అంటించాడు. పెద్ద హాలుకు తాళం పడింది.

"నీకు పండగేరా, మంచం మీదే గురకపెట్టొచ్చు," అని స్నేహితులు వీపు చరిచారు. వాడికి ఒళ్ళు మండిపోయింది. నేను నోరు విప్పబట్టే కదా ఆవిడ పొట్టకొట్టారు అని కుమిలిపోయాడు.

క్లాసు వేళకి వెళ్ళి తాళం ముందు నిలబడ్డాడు. ఒకరొకరే వచ్చారు. మెట్లు నిండాయి.

"మార్కులు ఊరికే వేస్తామంటున్నారుగా. గొడవచేసి పోలీసు కేసయితే మా నాన్న నన్ను బతకనివ్వడు," అన్నాడు లెక్కల కుర్రాడు.

"ఒరేయ్, వినండి," అన్నాడు గురకగాడు. "ఈ కాలేజీలో మనమందరం ఒక్కచోట కూర్చునేది ఈ ఒక్క క్లాసులోనే. పడుకున్నన్నాళ్ళూ ఉండనిచ్చారు. లేచేసరికి తాళం వేశారు."

లెక్కల కుర్రాడు తల దించుకున్నాడు.

"ఇప్పుడెక్కడ కూర్చుందాం?" అంది కామర్సు పిల్ల.

"వంటగదిలో," అన్నాడు గురకగాడు.

మేడం ఇంటికెళ్ళి ఆవిణ్ణి తీసుకొచ్చారు. పొయ్యిల మధ్య నేలమీద బైఠాయించిన పిల్లల్ని చూసి పెద్ద వంటావిడ మండిపడింది.

"మీ చదువులు మీకుంటాయి. పనిపోతే మాకేముంటుంది? లేవండి."

అప్పుడొచ్చింది పిన్ని, చేతికి గుడ్డ చుట్టుకుని. ఆ గుడ్డలోంచి చీము కారుతోంది.

"అక్కా, ఇవాళ నా చెయ్యి. రేపు ఆ గుండిగ ఎత్తేది నువ్వే."

పెద్దావిడ కాసేపు ఆ చేతినే చూసింది. వెళ్ళి పొయ్యి ఆర్పేసింది. మిగతా పొయ్యిలూ ఆరిపోయాయి.

మేడం పాఠం అందుకుందో లేదో కాంట్రాక్టరు పోలీసుల్ని వెంటేసుకొచ్చాడు. ఆవిణ్ణి రెక్కపట్టి ఈడ్చుకెళ్ళి వ్యానెక్కించారు.

"క్లాసయిపోయింది, లేవండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఎవరూ లేవలేదు. గురకగాడొక్కడే లేచి, మేడం నిలబడ్డ చోటికి వెళ్ళాడు.

"పిన్ని చెయ్యి కాలడం ప్రమాదమా?"

"కాదు," అంది పెద్ద వంటావిడ, అందరికన్నా ముందు.

"కాదు," అంది వంటగదంతా.

"ఎవడ్రా నువ్వు?"

"ఈ క్లాసు కుర్రాణ్ణే సార్. ఇన్నాళ్ళూ నిద్రపోయాను."

వాణ్ణీ కాలరు పట్టి లాక్కుపోయారు. వ్యాను తలుపు మూసుకోకముందే వాడి చోట కామర్సు పిల్ల వచ్చి నిలబడింది.

పెద్ద వంటావిడ కొంగు నడుముకి బిగించి ముందు వరసలో చతికిలబడింది.

"కానీ తల్లీ, చెప్పు."