మూడో చరణం

జనమంతా అన్న అని పిలుచుకున్న పాటగాడు పోయి ఏడేళ్లయింది. మనిషి పోయాడు గానీ అతని టోపీ, నల్ల చొక్కా, మైకుని గాల్లోకి ఎగరేసి పట్టుకునే పొగరు, అన్నీ ఇప్పుడు జూనియర్‌వి. జూనియర్ వారమంతా లిఫ్టులు బాగుచేస్తాడు. ఆదివారం మధ్యాహ్నం మాత్రం పాత గోడౌన్‌లో కట్టిన స్టేజి ఎక్కి అన్న పాటలు అన్న గొంతుతోనే పాడతాడు. పులిని చూసి నక్క వాత పెట్టుకుందని మొదట్లో నవ్వినవాళ్లే ఇప్పుడు రెండు వారాల ముందు టికెట్ తీసుకుంటున్నారు. కన్నతండ్రి పోయినా కన్ను తడవని మగాళ్లు అక్కడ ముక్కులు చీదుతారు. ముక్కూ మొహం తెలియని వాడి భుజం తడిపేసి, పేరైనా అడక్కుండా ఇంటికి పోతారు. అన్న బతికుండగా ఒక్క కచేరీకీ రానివాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. ఏడవడానికి అర్హత పరీక్ష ఎవడు పెడతాడు?

ఆ కచేరీకి ఒక కట్టుబాటుంది. అన్న చచ్చిపోయింది స్టేజి మీదే. ఆఖరి పాటలో రెండో చరణం ముగించి, మూడోది ఎత్తుకోబోతూ గుండె పట్టుకుని కూలిపోయాడు. రికార్డులో మూడు చరణాలూ ఉన్నాయి. కానీ జనం ముందు ఆ మూడోది మళ్లీ ఎవరూ పాడలేదు. జూనియర్ కూడా రెండోది కాగానే మైకు నేల మీద పెట్టి మోకాళ్ల మీద కూర్చుంటాడు. లైట్లు ఆర్పేస్తారు. నాలుగు వందల మంది ఆ చీకట్లో నిలబడి వెక్కివెక్కి ఏడుస్తారు. తర్వాత చడీచప్పుడు లేకుండా ఇళ్లకు పోతారు. ఈ నియమం ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు, తప్పితే ఏమవుతుందో మాత్రం అందరికీ తెలుసనుకునేవారు.

మేస్త్రి ఆ నియమానికి కాపలాదారు లాంటివాడు. కార్ల షెడ్డులో సొట్టలు తీసే పని అతనిది. రేకు వెనక ఇనప దిమ్మ ఆనించి ముందునుంచి సుత్తితో కొడితే ఎంత పెద్ద సొట్టయినా దారికొస్తుంది. ఇనుము మాట వింటుంది, మనుషులే వినరని అంటుండేవాడు. వినని మనుషుల మీద కూడా అదే చెయ్యి వాడేవాడు. షెడ్డులో జట్టువాళ్లు, వీధిలో ఆటోవాళ్లు, ఇంట్లో భార్య, అందరూ ఆ చేతి బరువు ఎరిగినవాళ్లే. ఆ చెయ్యి మెత్తబడేది అన్న పాట విన్నప్పుడే. అన్న కూలిపోయిన రోజున మేస్త్రీ భార్యా మూడో వరుసలో ఉన్నారు. ఆ రోజు ఆమెని పొదివి పట్టుకుని ఏడుస్తూ ఇంటికి తీసుకొచ్చాడు. అంత ప్రేమగా పట్టుకోవడం అదే మొదలు, అదే తుది.

ఆమెకి మాత్రం ఒక కోరిక మిగిలిపోయింది. ఆ మూడో చరణం ఎదురుగా, మనిషి గొంతులో, ఒక్కసారి వినాలని. ఏముందండీ అందులో, పాటేగా, ముగిస్తే మనసు తేలికపడుతుంది కదా అనేది. అపశకునం మాట్లాడకు అని మేస్త్రి కసిరేవాడు. ఒకరోజు వంటింట్లో కూర తిప్పుతూ ఆ చరణమే కూనిరాగం తీసింది. మేస్త్రి లోపలికి వెళ్లి చెంప పగలగొట్టాడు. గరిటె ఎగిరి గోడకి తగిలింది. కళ్లద్దాల షాపులో పనికి బయల్దేరుతున్న కూతురు గుమ్మంలో నిలబడి చూసింది. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ పాడలేదు. ఏడాది తిరక్కుండానే భార్య మూత్రపిండాలు చెడి ఆసుపత్రిలో పోయింది.

చావు పనులన్నీ అయ్యాక కూతురు తండ్రిని కూర్చోబెట్టి ఒకే మాట చెప్పింది.

"నాన్నా, నేను నీతోనే ఉంటాను. వండి పెడతాను, కచేరీకి తోడొస్తాను. కానీ ఇంకొక్కసారి ఎవరి మీదైనా నీ చెయ్యి లేస్తే పిన్నింటికి వెళ్లిపోతాను. నన్ను తీసుకొద్దామని రావద్దు."

అన్నట్టే ఉండగల పిల్ల. అది తెలుసు కాబట్టే మేస్త్రి పదకొండు నెలలు చేతులు కట్టుకుని బతికాడు. ఒక కారు యజమాని అమ్మనాబూతులు తిట్టినా పళ్లు కొరుక్కుని పాత బానెట్ మీద సుత్తి విరిగేదాకా కొట్టుకున్నాడు గానీ మనిషిని ముట్టుకోలేదు. ఇంటికెళ్తే కూతురు ఉంటుంది, ఎదురుగా కూర్చుని తింటుంది. ఆ ఒక్కటీ పోతే తనకి ఇంకేమీ లేదని అతనికి బాగా తెలుసు.

ఆ ఆదివారం గోడౌన్ కిక్కిరిసింది. కచేరీకి ముందు కూతురు మంచినీళ్లు పట్టుకొస్తానని స్టేజి వెనక్కి వెళ్లి చాలాసేపటికి వచ్చింది. సీసా ఖాళీగానే ఉంది. మేస్త్రి గమనించలేదు, అప్పటికే అతని కళ్లు స్టేజి మీద ఉన్నాయి. పాట వెనక పాట సాగింది. జనం అరిచారు, గెంతారు, చొక్కాలు విప్పి తిప్పారు. ఆఖరి పాట మొదలైంది. రెండో చరణం అయింది. లైట్లు ఆరతాయని తలలు వంచారు.

లైట్లు ఆరలేదు. జూనియర్ మైకు కింద పెట్టలేదు. టోపీ తీసేసి మూడో వరుస వైపు ఒకసారి చూసి, మూడో చరణం ఎత్తుకున్నాడు. అది అన్న గొంతు కాదు. లిఫ్టులు బాగుచేసుకునే మనిషి సొంత గొంతు, కాస్త బొంగురుగా, కాస్త బెదురుగా ఉంది.

మొదటి ముక్క చెవిన పడగానే మేస్త్రికి పొయ్యి ముందు చెంప పట్టుకుని నిలబడిన భార్య కనిపించింది. ఆ సిగ్గు తట్టుకోలేకపోయాడు. సిగ్గుని తట్టుకోలేని మగాడికి కోపం ఎప్పుడూ చేతికందేంత దూరంలోనే ఉంటుంది. స్టేజి ముందు అడ్డుగా కట్టిన కమ్మీలు దూకి, రెండంగల్లో స్టేజి ఎక్కి, గుప్పెట బిగించి జూనియర్ మూతి మీద గుద్దాడు. రెండు పళ్లు ఊడి మైకుకి తగిలి ఖణేల్‌మన్నాయి. ఆ చప్పుడు స్పీకర్లన్నిటిలోంచీ వినబడింది.

అంతే, ఆనకట్ట గేట్లు ఎత్తేసినట్టయింది. ఎవడో ఒకడు మొదలుపెట్టాలని చూస్తున్న మంద అది. ఒకడు మైకు స్టాండుతో జూనియర్ వీపు మీద బాదాడు. ఇంకొకడు కుర్చీ విసిరితే డ్రమ్ములవాడి నుదురు చిట్లింది. అన్నని మళ్లీ చంపాడురా వీడు అని ఏడుస్తూ తన్నారు. నిజంగానే ఏడుస్తున్నారు, అదే దారుణం. కన్నీళ్లు తుడుచుకోవడానికి కూడా ఆగకుండా, పడిపోయిన మనిషిని కడుపులో, డొక్కల్లో, మెడ మీద బూటుకాళ్లతో కుమ్మారు. మేస్త్రి వంగి అతని జుట్టు పట్టుకుని లేవదీసి మళ్లీ చెయ్యెత్తాడు.

ఆ చేతిని కూతురు రెండు చేతులతో పట్టుకుని వేలాడింది. ఎలా ఎక్కిందో, పెదవి చిట్లి గడ్డం మీద రక్తం కారుతోంది.

"పాడమన్నది నేను నాన్నా. అమ్మ కోసం ఒక్కసారి పాడమని కాళ్లు పట్టుకున్నాను."

మేస్త్రి చెయ్యి అక్కడే ఆగిపోయింది. చేతిలోని తల వంక చూశాడు. అందులో అన్న ఎక్కడా లేడు. ముక్కు పక్కకి ఒరిగి, నోటి నిండా నెత్తుటి నురుగుతో ఎవరో ఒక మనిషి ఉన్నాడు. ఆగండి, ఆగండి అని అరిచాడు మేస్త్రి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం, ఎవరూ వినలేదు. కూతుర్ని స్టేజి వెనక్కి తోసేసి జూనియర్ మీద బోర్లా పడుకున్నాడు. దెబ్బలన్నీ అతని మీద పడ్డాయి. ఒక పక్కటెముక విరగడం అతనికే వినిపించింది. జీవితంలో ఇన్ని దెబ్బలు కొట్టాడే గానీ తినడం అదే మొదటిసారి. ఇంత నొప్పిగా ఉంటుందా అనుకున్నాడు. ఇంత నొప్పి పెట్టి, అరగంటలో అన్నం పెట్టమనేవాడిని కదా అని కూడా అనుకున్నాడు.

పోలీసులు లాఠీలతో వచ్చేసరికి సగం మంది జారుకున్నారు. మిగిలినవాళ్లని గోడకి ఆనించి కూర్చోబెట్టారు. జూనియర్‌ని స్ట్రెచర్ మీదకి ఎక్కిస్తున్న డాక్టరు అతని గొంతు తడిమి చూసి, లోపల ఎముక నలిగింది, బతికితే చాలు, పాట సంగతి మరిచిపోవడమే అన్నాడు. మేస్త్రి పక్కనున్న ముసలి అభిమాని మాత్రం అతని మోకాలు తట్టి, నువ్వు అన్న పరువు నిలబెట్టావయ్యా, ఇక్కడ నిన్నెవరూ చూడలేదు, భయపడకు అని చెవిలో చెప్పాడు. మేస్త్రి ఆ చేతిని మోకాలి మీంచి తోసేశాడు.

ముందు కొట్టింది ఎవరని ఎస్సై అడిగాడు. అందరూ నేల చూపులు చూశారు. తోపులాటండీ, చీకటండీ అని గొణిగారు. లైట్లు ఆరనే లేదని ఎస్సైకి తెలియదు. మేస్త్రి కూతురి వంక చూశాడు. ఆమె స్ట్రెచర్ పక్కన నిలబడి ఉంది. నోరు మూసుకుంటే చాలు, సాయంత్రానికి ఇద్దరూ ఇల్లు చేరతారు. ఆమె ఊరుకుంటే బాగుండునని ఒక్క క్షణం ఆశపడ్డాడు. ఆశపడినందుకు వెంటనే తనని తాను అసహ్యించుకున్నాడు.

"ముందు చెయ్యెత్తింది మా నాన్న. పాడమన్నది నేను. రెండూ రాసుకోండి" అంది కూతురు.

ఇరవై రెండేళ్ల కాపురంలో ఆమె తల్లి ఒక్కరి ముందు కూడా అనలేకపోయిన మాట అది. కూతురు ఇంతమంది ముందు అనేసింది. తర్వాత తండ్రి వైపు చూడకుండా స్ట్రెచర్ వెంట నడిచి అంబులెన్సులోకి ఎక్కింది. అటునుంచి అటే పిన్నింటికి పోతుందని మేస్త్రికి అర్థమైంది. పిలవలేదు. పిలిచే హక్కు తనకి లేదు.

నువ్వేనా అని ఎస్సై అడిగాడు. నేనేనన్నాడు మేస్త్రి.

"ఇంతకు ముందు ఎవరినైనా కొట్టావా?"

పక్కటెముక పొడుస్తోంటే ఊపిరి కూడదీసుకున్నాడు.

"మా ఆవిణ్ణి" అన్నాడు.

వినాల్సిన కూతురు అక్కడ లేదు. అంబులెన్సు అప్పటికే గేటు దాటి రోడ్డెక్కింది.