ఏడో నంబరు ప్రెస్సు దగ్గర జరిగింది

ప్రెస్సు దిగినప్పుడు ఆమె కుడిచెయ్యి ఇంకా లోపలే ఉంది. మూడు వేళ్ళు పోయాయి. ఆమెను బండెక్కించిన పావుగంటకి నేల కడిగారు, అరగంటకి అదే ప్రెస్సు ముందు ఇంకో ఆడమనిషిని నిలబెట్టారు. రేకు డబ్బాల మూతలు మళ్ళీ టకటకా పడ్డాయి. చుట్టూ ఉన్నవాళ్ళు చూశారు, చూసి తల దించుకుని పని చేసుకున్నారు.

ఆమె అక్క మొగుడు పక్క వరసలోనే పనిచేస్తాడు. షెడ్డు మొత్తానికి అతను బావే. మహా మాటకారి. టీ గ్లాసు పట్టుకుని నిలబడితే చాలు, పదిమంది చుట్టూ మూగుతారు. ఉన్నదానికి నాలుగు కలిపి చెప్పడం అతని సరదా.

వారం తిరక్కుండా కంపెనీ ఒక ట్రైనర్ని తెచ్చింది. పనిచోట మాట మనసుకెక్కాలంటే కథలా చెప్పాలట. కథలో ఒక మనిషి ఉండాలి, ఆ మనిషి ఒక తప్పు చెయ్యాలి, చివర్లో మిగతావాళ్ళకి బుద్ధి రావాలి. జరిగిన ప్రమాదం గురించి ఎవరైనా అలా చెప్పండి అన్నాడు. అందరి కళ్ళూ బావ మీదికే పోయాయి.

బావకి చప్పట్లంటే పిచ్చి. లేచాడు. మరదలు ఆ పొద్దున పిల్లాడి జ్వరం గురించి పరధ్యానంగా ఉందనీ, పక్క ప్రెస్సు ఆవిడ ఏదో అంటే అటు తిరిగి నవ్విందనీ, ఆ ఒక్క నవ్వే చేతిని మింగిందనీ చెప్పాడు. జ్వరం అబద్ధం. నవ్వు అబద్ధం. రక్తి కడుతుందని కలిపాడు, అంతే. ట్రైనర్ మెచ్చుకున్నాడు. మేనేజరు దాన్ని టైపు చేయించాడు.

పదిరోజులకి మరదలి ఇంటికి కాగితం వచ్చింది. పనిలో అజాగ్రత్తగా పక్కకి చూసి నవ్వినందుకు ఉద్యోగం నుంచి ఎందుకు తీసెయ్యకూడదో సోమవారం వచ్చి చెప్పుకోవాలి. సాక్ష్యం ఆమె సొంత బావ.

ఆమె కట్టు కట్టిన చేత్తోనే కాగితాన్ని అతని ముందుకి తోసింది.

"నేనెప్పుడు నవ్వాను బావా?"

అతని పెళ్ళాం కంచంలో అన్నం పెట్టి, మొహం చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది. అతను సిగ్గుతో చచ్చిపోయాడు.

మర్నాడు మేనేజరు గదికి వెళ్ళి, అదంతా కల్పించానని ఒప్పుకున్నాడు. మేనేజరు గొంతు పెంచే రకం కాదు. "నువ్వు కల్పిస్తావని షెడ్డంతా అంటుంది. మరి ఇప్పుడు చెప్పేది నిజమని నేనెలా నమ్మాలి?" అన్నాడు. వీళ్ళ తెలివంతా ఇదే. మన నోటి మాటతోనే మన మెడకి ఉరితాడు పేనుతారు.

మధ్యాహ్నం రేకు తుక్కు కుప్పల వెనక నలభై మంది చేరారు. బావని దుమ్మెత్తి పోశారు. కంపెనీకి అమ్ముడుపోయావన్నారు, నీ నాలుక కొయ్యాలన్నారు. అతను ఒక్కటీ కాదనలేదు. ఒక్క ముసలి మెకానిక్ మాత్రం అందులో కలవకుండా నేల చూస్తూ కూర్చున్నాడు. చివరికి నోరు విప్పాడు. ప్రెస్సుకి ముందు జాలీ తలుపు ఉండేది. అది మూసుకుంటేనే ప్రెస్సు దిగేది. పని జోరు తగ్గుతోందని ఆ తలుపు విప్పించారు. విప్పింది తనే.

"ఇది చెప్తే నా పని పోతుంది. చెప్పకపోతే ఆ పిల్ల పని పోతుంది" అన్నాడు.

"నువ్వొక్కడివే చెప్తే నిన్నొక్కణ్ణే తీసేస్తారు తాతా. అందరం చెప్దాం" అంది పాకింగ్‌లో పనిచేసే అమ్మాయి.

వాళ్ళకో పద్ధతి ఉంది. షిఫ్టు మారేటప్పుడు ప్రతి ఒక్కరూ మిషను ముందు నిలబడి, తన కళ్ళతో చూసిందీ తన చేత్తో చేసిందీ మాత్రమే వచ్చినవాళ్ళకి అప్పజెప్పాలి. విన్నవాళ్ళు దాన్ని తిరిగి చెప్పాకే కదలాలి. అక్కడ ఒక్క మాట కల్పించినా ఎవరిదో చెయ్యి పోతుంది. ప్రమాదం సంగతి కూడా ఆ పద్ధతిలోనే చెప్పాలని తీర్మానించారు. బావకి మూడే ముక్కలు, నాలుగోది వస్తే చొక్కా పట్టి లాగుతానంది పాకింగ్ అమ్మాయి.

సోమవారం డైరెక్టరు వస్తున్నాడని రెండు షిఫ్టుల వాళ్ళనీ పిలిపించారు. మేనేజరు గదిలో జరిగింది తెలియని ట్రైనర్ బావకి మైకిచ్చి కథ మళ్ళీ చెప్పమన్నాడు.

"మా మరదలు నవ్వలేదు. అది నేను కల్పించాను. ఇక చూసినవాళ్ళు చెప్తారు" అని బావ పక్కకి తప్పుకున్నాడు.

"మేనేజరు తలుపు విప్పమన్నారు, నేను విప్పాను" అన్నాడు మెకానిక్.

"మేనేజరు విప్పమన్నారు, తాత విప్పాడు" అని వెనకనుంచి రెండో షిఫ్టంతా తిరిగి చెప్పింది.

తాను ఆమెతో మాట్లాడలేదని పక్క ప్రెస్సు ఆవిడ చెప్పింది. జనం తిరిగి చెప్పారు. ఆమెని డాక్టరు చూడకముందే నేల మీది నెత్తురు కడిగించారని ఊడ్చే మనిషి చెప్పాడు. జనం తిరిగి చెప్పారు. మైకు ఆపేశారు. గొంతులు ఆపలేకపోయారు. ఆఖరికి మరదలు ముందుకొచ్చింది.

"ఆపండని అరిచాను. ఆపే మీట నాకు అందదు. అక్కడుండే మనిషిని పోయిన నెలే తీసేశారు."

నాలుగొందల గొంతులు ఆ మాట అన్నాయి. డైరెక్టరు మిషన్లు వెయ్యమన్నాడు. ఒక్క చెయ్యీ లేవలేదు. తలుపులు బిగించేదాకా, ఆ కాగితం చింపేసేదాకా లేవదని పాకింగ్ అమ్మాయి చెప్పింది. మేనేజరు పోలీసులకి ఫోన్ చేశాడు. వాళ్ళొచ్చి బావనీ మెకానిక్‌నీ వ్యానెక్కించారు. జనం వ్యాను వెనకే నడిచారు.

స్టేషన్లో ఇన్‌స్పెక్టరు కుర్చీ వెనక్కి వాల్చి, "కథలు చెప్పేది నువ్వేనటగా. చెప్పు, ఎవడు రెచ్చగొట్టాడు?" అన్నాడు.

బయట జనం తోపుకి గేటు ఊగుతోంది. బావకి భయంగానే ఉంది.

"నావి మూడు ముక్కలు, చెప్పేశాను. మిగతాది వాళ్ళు చూశారు. నాలుగొందల మంది ఉన్నారు సార్, అందరి మాటా రాసుకోడానికి కాగితాలు తెప్పించుకోండి" అన్నాడు.