రెండు గాలుల ఓడ

తోమాస్ సముద్రాన్ని ఎప్పుడూ చూడలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు కూడా. టాటానగర్ యార్డులో వ్యాగన్ల మీద నంబర్లు రాసే మనిషి, ఇంటి దగ్గర ఆయిల్ రంగులతో తెరచాప ఓడలు వేస్తుంటే, ఇతగాడు ఒడ్డునే పుట్టి ఉంటాడని బారిడీహ్ పేటలోని తెలుగువాళ్లు వాళ్లంతట వాళ్లే అనేసుకున్నారు. పొగుడుతుంటే కాదనడానికి నోరెలా వస్తుంది? పుట్టింది మాత్రం ఇక్కడే, ఉక్కు ఫ్యాక్టరీ ఫర్నేసు పొగల కింద.

నిజంగా ఒడ్డున పుట్టింది భార్య బాలకుమారి. భీమిలి పిల్ల. పోయిన ఆమె తండ్రి సరుకులు మోసే తెరచాప ఓడకి సరంగు, అంటే కళాసీలందరికీ పెద్ద. మొగుడు ఓడలు వేస్తుంటే ఆమె వెనక నిలబడి చూసేది. ఒకటి రెండుసార్లు ఏదో అనబోయింది కూడా. "పక్కకి జరుగు, ఎలుతురికి అడ్డు" అనేవాడు మహానుభావుడు.

ఆ ఏడు ప్రార్థన హాలుకి మంచమంత ఓడ బొమ్మ వేసి ఇచ్చాడు. నురగలు, మబ్బులు, పొట్టలు ఉబ్బిన తెరచాపలు, కొయ్య చివర ఎర్రజెండా. బొమ్మ మీద ముసుగు తీసే రోజుకి భీమిలి నుంచి బాలకుమారి చిన్నాన్న ఆరోగ్యస్వామి కూడా వచ్చాడు. అన్నతో కలిసి ఓడల్లో తిరిగిన ముసలాయన. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆయన దగ్గరకెళ్లి చూసి, పకపకా నవ్వాడు.

"అల్లుడా, ఇదేటి? తెరసాప ముందుకి ఉబ్బింది. అంటే గాలి ఎనకనుంచి వత్తంది. మరి జెండా ఎనక్కి ఎగురుతాదేటి? ఒక్క ఓడకి రెండు గాలులేటి?"

హాలంతా నవ్వింది. తోమాస్‌కి చెవులు వేడెక్కాయి. రోజూ చూసేది రైలింజన్ని. పరుగెత్తే ఇంజనుకి పొగ వెనక్కే పోతుంది కనక ఓడకి జెండా కూడా అంతే అనుకుని వేసేశాడు. ఆ మాటే చెప్పేస్తే ఇంకోసారి నవ్వి ఊరుకునేవారు. కానీ ఒడ్డున పుట్టిన చిత్రకారుడి పరువొకటి ఉంది కదా!

"నాకు తెల్దేటి మావయ్యా? ఇదే అలా ఎయ్యమంది. సరంగు కూతురు కదా అని అలాగే ఏసేను" అన్నాడు, బాలకుమారిని చూపిస్తూ.

నవ్వులన్నీ ఆమె మీదికి తిరిగాయి. "సరంగు కూతురికి గాలే తెల్దేటి!" అన్నారెవరో. బాలకుమారి మొగుడి వైపు ఒక్కసారి చూసింది. కొంగు భుజం చుట్టూ లాక్కుని, "అవును, నానే సెప్పేను" అంది.

ఇంటికొచ్చాక తిట్టినా బావుండేది. మామూలుగానే అన్నం పెట్టింది, పులుసు పోసింది. పోయిన మనిషి పరువు పదిమందిలో తీసి, ఆ అబద్ధాన్ని ఆయన కూతురి చేతే ఒప్పించినందుకు తోమాస్ సిగ్గుతో కుంచించుకుపోయాడు. పైగా ఈ కబురు ముసలాయనతో భీమిలి చేరుతుంది. ఓడవాళ్ల వీధిలో బాలకుమారి నవ్వులపాలవుతుంది. ఆయన వెళ్లేలోగా నిజం చెప్పెయ్యాలి.

మర్నాడే వెళ్లిపోతానన్న ఆరోగ్యస్వామి ఎందుకో ఉండిపోయాడు. తోమాస్ ఆయనకి కొత్త పార్కు చూపించాడు, నది చూపించాడు, జుగ్సలాయి బజారులో దుప్పటి కొనిపెట్టాడు. నోటిదాకా వచ్చిన మాట ప్రతిసారీ ఎండ మీదికో, ధరల మీదికో మళ్లిపోయింది. పిరికివెధవ అని తనని తానే తిట్టుకున్నాడు.

చివరికి టాటానగర్ స్టేషన్‌కి తీసుకెళ్లాడు. భీమిలి వైపు బండి మారడానికి ఖరగ్‌పూర్ బండి ఎక్కించి, మూట అందించి, కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"మావయ్యా, ఆ జెండా... బాలకుమారి కాదు..."

"తెలుసురా" అన్నాడు ముసలాయన. "నడక రానప్పుడే మా అన్న భుజాన కూకోని, గాలి ఏపక్కనుంచొత్తందో ఏలెట్టి సూపేది అది. నువ్వు నోరిప్పుతావేమోనని ఉండిపోనాను. నాకు సెప్పేవు సరే. దానికి సెప్పేవా, తప్పయిందని?"

గార్డు ఈల వేశాడు. ఇంజను పొగ వెనక్కి వచ్చి ప్లాట్‌ఫారాన్ని కమ్మేసింది.

"లేదు" అన్నాడు తోమాస్. ఇన్నాళ్లూ ఆ ఊహే తనకి రాలేదు.